అగ్రికల్చర్ చదివే అమ్మాయికి పొలం చూసి నిర్ణయించడం ఎట్లా వస్తుంది?

ప్రశ్న: ఎడమ కాలువ రైతు

అందరికీ నమస్తే. మాది మిర్యాలగూడ దగ్గర, సాగర్ ఎడమ కాలువ కింద వరి. మా అమ్మాయి బీఎస్సీ అగ్రికల్చర్ మూడో సంవత్సరం. బాగా చదువుతుంది. పురుగుల శాస్త్రీయ నామాలు, ఏ మందు ఏ గ్రూపు, లీటరు నీళ్లకు ఎన్ని గ్రాములు, అన్నీ నోటికే చెప్తుంది. నాకు అందులో పదో వంతు తెలియదు. మా ఇంట్లో ఆ చదువు వచ్చినందుకు నాకు చాలా సంతోషం.

సెలవులకు వచ్చినప్పుడు బీపీటీ రకం వరి చేలో సుడిదోమ (వరి రసం పీల్చే పురుగు) కనబడింది. అమ్మాయి వెంటనే మందు పేరు, మోతాదు చెప్పింది. షాపులో అడిగితే వాళ్లూ అదే చెప్పారు. ఇంతలో పక్క చేను పెద్దాయన వచ్చి, అక్కడక్కడ దుబ్బులు విడదీసి చూసి, "ఇప్పుడే కొట్టకండి. నీళ్లు తీసేసి చేను ఆరనివ్వండి, మళ్లీ చూద్దాం" అన్నాడు. ఎందుకని అమ్మాయి అడిగితే "ఇంకా అంత లేదు బిడ్డా" అన్నాడు, అంతకన్నా చెప్పలేకపోయాడు. ఆయన మాటే విన్నాం. మందు అవసరం పడలేదు.

ఆయన ఏడో తరగతితో బడి మానేశాడు. అమ్మాయికి ఉన్న చదువుకు ఆయనకున్న ఆ చూపు ఎట్లా తోడవుతుంది? కాలేజీలో నేర్పితే వచ్చేదా, వయసు మీద రావాల్సిందేనా? తండ్రిగా నేను చేయగలిగింది ఏమైనా ఉందా?

జవాబు: అగ్రి ఫైనల్ ఇయర్

అంకుల్, నాలుగో సంవత్సరంలో రావెప్ అని పల్లెలో ఉండి వ్యవసాయ పని నేర్చుకునే కార్యక్రమం ఉంటుంది. ఊళ్లో ఒక రైతు దగ్గర పెడతారు, ఆయన పొలంలోనే మా పని. నేను ఇప్పుడు అందులోనే ఉన్నాను. మాకు ఇప్పటిదాకా పరీక్షల్లో వచ్చింది "సుడిదోమ నివారణకు మందులు, మోతాదులు రాయండి" అనే. ఈటీఎల్ (పురుగు ఎంత ఉంటే మందు కొట్టాలో చెప్పే హద్దు) అంటే ఏమిటో రెండు మార్కులకు రాసేవాళ్లం. ఈ చేనుకు ఈ రోజు మందు కొట్టాలా వద్దా అని ఎవరూ అడగలేదు. ఇక్కడ మా రైతు పొద్దున లేస్తే అడిగేది అదొక్కటే. మీ అమ్మాయికీ రావెప్‌లో చాలా తెలుస్తుంది, టెన్షన్ పడకండి.

జవాబు: రిటైర్డ్ ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి)

అన్నా, పెద్దాయన మాట వెనక ఉన్న లెక్క మీ అమ్మాయి పుస్తకంలోనే ఉంది. సుడిదోమ ఆకు మీద ఉండదు. దుబ్బు అడుగున, నీళ్లకు కాస్త పైన గుంపుగా ఉంటుంది. అందుకే ఆయన దుబ్బులు విడదీసి చూశాడు. పిలకల దశలో దుబ్బుకు 10 నుంచి 15 దాకా ఉంటేనే మందు గురించి ఆలోచించాలి. ఈటీఎల్ అంటే అదే. అంతకన్నా తక్కువున్నప్పుడు సాలీళ్లు దోమను తింటాయి, మిరిడ్ నల్లులు దాని గుడ్లను పీల్చేస్తాయి. తొందరపడి కొడితే ముందు చచ్చేది ఇవే. సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు కొట్టిన చేలో దోమ తగ్గకపోగా తిరగబెడుతుంది.

ఇండోనేషియా ఇదే దోమతో నష్టపోయి 1986లో వరి మీద 57 రకాల పురుగుమందులను నిషేధించింది. 1989లో అక్కడ రైతులకు పొలంలోనే పాఠాలు మొదలయ్యాయి. ఆ పద్ధతే మన దగ్గర పొలంబడి అయింది. నా ఉద్యోగంలో నేను మనసు పెట్టి చేసిన పని ఏదంటే అదే చెప్తాను.

వారానికి ఒక రోజు పొద్దున్నే చేలోకి దిగేవాళ్లం. నలుగురైదుగురు ఒక జట్టు. దుబ్బులు లెక్కపెట్టి, గట్టెక్కి చార్టు వేయాలి. మధ్యలో వరి మొక్క, దానికి ఎన్ని పిలకలో అన్నీ. ఒక పక్క నష్టం చేసే పురుగులు, ఇంకో పక్క మేలు చేసేవి, కింద నీళ్లెంత, పైన ఎండా మబ్బా. తర్వాత ప్రతి జట్టూ లేచి ఈ వారం ఏం చేయాలో, ఎందుకో చెప్పాలి. "మా నాయన అట్లే చేసేవాడు" అంటే కుదరదు, "షాపాయన చెప్పాడు" అన్నా కుదరదు. మిగతావాళ్లు గుచ్చి గుచ్చి అడిగేవాళ్లు. పై వారం మళ్లీ అదే మడి. పోయిన వారం చెప్పినదానికి ఏమైందో చెప్పినవాళ్లే దిగి చూడాలి.

మన చదువుల్లో లేనిది ఈ పై వారమే. జవాబు రాశాక పేపరు ఇచ్చేస్తారు, మార్కులు వస్తాయి, కథ ముగుస్తుంది. ఆ జవాబు ఏ చేనుకు ఏం చేసిందో పిల్లలకు కనబడదు. మంచి మార్కులు వచ్చే పిల్లలకే ఇది మరీ నష్టం.

వయసు మీద వస్తుందంటే మాత్రం నేను ఒప్పుకోను. ఆకు కాస్త పాలిపోతే చాలు ఇంకో బస్తా యూరియా చల్లే పెద్ద రైతులు ప్రతి ఊళ్లో ఉన్నారు. నత్రజని ఎక్కువైతే దోమ ఎక్కువవుతుంది. ఏళ్ల తరబడి చల్లుతున్నా ఆ రెంటినీ కలిపి చూడరు. మీ పెద్దాయనది నిజమైన చూపు. కానీ ఎందుకో చెప్పలేడు కాబట్టి అది ఆయనతోనే ఆగిపోతుంది. రేపు కొత్త రకం వేసినా, ఇంకో పురుగు వచ్చినా అదొక్కటే సరిపోదు. ఎందుకో అమ్మాయి వెతికి పట్టుకోగలదు. దయచేసి ఆమె చదువును తక్కువ చేసి మాట్లాడకండి, పక్కవాళ్లనూ మాట్లాడనివ్వకండి.

ఎడమ కాలువ రైతు

చాలా సంతోషం సార్. ఆమే నిర్ణయించేలా ఒక ఎకరం అమ్మాయికి వదిలేద్దామంటే పెట్టుబడి అప్పు తెచ్చింది, ఇంట్లో భయపడుతున్నారు. పైగా ఆమె హాస్టల్లో ఉంటుంది.

రిటైర్డ్ ఏఈఓ

ఎకరం వద్దు, పది గుంటలు చాలు. ఏం చేయాలో ఆమే చెప్పాలి, మీరు అడ్డుపడొద్దు. నాట్లప్పుడే ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట తూర్పు పడమరలుగా వదలమనండి, అది ఆమెకు తెలుసు. వారానికోసారి మీరే దిగి, మడిలో వేర్వేరు చోట్ల దుబ్బులు విడదీసి లెక్కపెట్టి ఫోన్‌లో చెప్పండి. దోమ ఎన్ని, సాలీళ్లు ఎన్ని, నీళ్లెంత. ఫోటో పంపితే సరిపోదు, అంకెలు కావాలి. ఏం చేయాలో, ఎందుకో ఆమె నోటుబుక్కులో రాసి మీకు చెప్పాలి. పై వారం అంకెలు దాని కిందే రాయాలి. ఇంటికి వచ్చినప్పుడు పెద్దాయనను పిలిచి ఇద్దరినీ ఒకే మడిలో దింపండి, ఆయన దేన్ని చూసి ఆ మాట అంటున్నాడో ఆమె అడిగి రాసుకోవాలి. మందు కొట్టాల్సి వస్తే కాలిబాటల్లో నడుస్తూ దుబ్బు మొదళ్లు తడిసేలా కొట్టాలి.

ఒకటి గుర్తుంచుకోండి. ఆ పది గుంటలకు గట్టు, నీళ్ల దారి వేరుగా పెట్టించండి. పక్క మడి నీళ్లు ఊరుతుంటే ఆరబెట్టమని ఆమె చెప్పినా మీరు ఆరబెట్టలేరు.