ఆ ఆపరేషన్ చేయించుకుంటే మనసు కుదుటపడుతుందా?

గుణుపూర్ అమ్మాయి: అక్కలూ, పేరు చెప్పలేను. విశాఖలో ఒక క్లినిక్‌లో లేబియాప్లాస్టీకి డేట్ ఇచ్చారు, అంటే కింద లోపలి పెదవులు తగ్గించే ఆపరేషన్. నొప్పీ మంటా ఏమీ లేవు, చూసుకుంటే నాకే ఏదోలా ఉంటుంది. మాఘంలో పెళ్లి. చేయించుకుంటే ఈ టెన్షన్ పోతుందా?

బరంపురం నర్సు: వద్దు తల్లీ. లండన్‌లో 50 మంది ఆడవాళ్లకి కొలతలు తీసి 2005లో అచ్చు వేశారు, ఆ పెదవుల వెడల్పు ఒకరికి 7 మిల్లీమీటర్లుంటే ఇంకొకరికి 50. లేబర్ రూములో ఇన్నేళ్లుగా చూస్తున్నాను, ఏ ఇద్దరికీ ఒకలా ఉండదు.

రాయగడ రాజు: ఛీ, ఇవి పబ్లిక్‌లో మాట్లాడే విషయాలా

పర్లాకిమిడి పిన్ని: చదవకు బాబూ, నిన్నెవరు రమ్మన్నారు.

జయపురం సుధ: నర్సుగారూ, ఆమె అడిగింది మనసు గురించి, మీరు స్కేలు పట్టుకుని కూర్చున్నారు. ఇంగ్లండ్‌లో 2014లో వచ్చిన స్టడీలో, తమ శరీరం వికారంగా ఉందనే మానసిక జబ్బు ఉన్న 9 మందికి ఈ ఆపరేషన్ చేశాక 3 నెలలకి చూస్తే 8 మందికి ఆ జబ్బు లేదు. దీనికేమంటారు?

బరంపురం నర్సు: 3 నెలలమ్మా! కుట్లు మానిన సంబరం అది. ఆస్ట్రేలియాలో 2016లో చూశారు, ఆ భాగం రూపం మీద తృప్తి పెరిగింది కానీ ఆత్మగౌరవం ఉన్నచోటే ఉంది. ముందునుంచీ మనసులో బాధ ఎక్కువగా ఉన్నవాళ్లకే తృప్తి తక్కువ. అందుకే అమెరికా గైనకాలజిస్టుల సంఘం 2020లో చెప్పింది, కత్తి పట్టేముందు డిప్రెషన్, ఆందోళన, ఈ రూపం పిచ్చి ఉన్నాయేమో కనిపెట్టమని. ఆ క్లినిక్‌లో ఒక్క ప్రశ్నయినా అడిగారా?

జయపురం సుధ: ఆ ఇంగ్లండ్ వాళ్లు 3 నెలలతో ఆగలేదు, తర్వాత కూడా చూశారు, చాలామందికి తృప్తి నిలిచింది. అది మాత్రం చెప్పరు.

బరంపురం నర్సు: తృప్తి దేని మీద? రూపం మీద. నేను చెప్పిందీ అదేగా.

పర్లాకిమిడి పిన్ని: మా చెల్లెలి కూతురు చేయించుకుంది. చూడ్డానికి బాగుందట, బండెక్కితే చాలు చురుక్కుమంటుందట. ఇదివరకు ఎప్పుడైనా గుర్తొచ్చేది, ఇప్పుడు రోజంతా ధ్యాస అక్కడే.

బరంపురం నర్సు: విన్నావా సుధా? ఇంకా ఆ క్లినిక్ తరఫునే మాట్లాడతావా? కమీషన్ ఎంతేమిటి?

జయపురం సుధ: నోరు జాగ్రత్త. నేను చేయించుకున్నాను కాబట్టి మాట్లాడుతున్నాను. పెళ్లయిన కొత్తలో మా ఆయన ఫోన్‌లో వీడియో చూపించి ‘నీకిలా లేదేం’ అన్నాడు. ఆపరేషన్ తర్వాత మళ్లీ ఆ మాట రాలేదు, నాకు నిద్ర పట్టింది. మీకు నెల తిరిగేసరికి జీతం వస్తుంది, మొగుడు ఒక మాటంటే తలుపేసుకుని మీ బతుకు మీరు బతకగలరు. నేను ఎక్కడికి పోవాలి?

బరంపురం నర్సు: అయితే వైద్యం కావాల్సింది అతనికి. మన ఒంటిమీద ఎందుకు కొయ్యాలి?

జయపురం సుధ: అతన్ని మీరు తీసుకొస్తారా డాక్టరు దగ్గరికి?

బరంపురం నర్సు: గుణుపూర్ పాపా, నువ్వు చెప్పు. ఏదోలా ఉందని నీకెప్పటినుంచి అనిపిస్తోంది?

గుణుపూర్ అమ్మాయి: నిశ్చితార్థం అయ్యాక. ఆయన కూడా ఏవో పంపుతుంటారు. క్లినిక్‌లో కన్నెపొర కుట్టేది కూడా కలిపి ప్యాకేజీ అన్నారు, అది నేను అడగనేలేదు.

బరంపురం నర్సు: మొదటిసారి అందరికీ రక్తం రాదు, ఆ పొర చూసి కన్నెతనం చెప్పే పరీక్షే లేదు. అత్యాచారం కేసుల్లో ఆడవాళ్లకి చేసే రెండు వేళ్ల పరీక్షని మన సుప్రీంకోర్టు 2022లో కూడదంది, అదే ఏడాది బ్రిటన్ ఈ కుట్టడాన్నే నేరం చేసింది. ఇక్కడ ప్యాకేజీలో పెట్టి అమ్ముతున్నారు! బరంపురం ఎంకేసీజీ ప్రభుత్వాసుపత్రిలో సైకియాట్రీ ఓపీ ఉంది, ముందు అక్కడ మాట్లాడు.

జయపురం సుధ: ఓపీకి వెళ్తే పెళ్లి ఆగుతుంది. ఆగితే ఆ ఇంట్లో ఏం జరుగుతుందో మీకేం తెలుసు?

గుణుపూర్ అమ్మాయి: పళ్లకి క్లిప్పు వేయించుకోవాలని అబద్ధం చెప్పి అన్నయ్య దగ్గర అడ్వాన్సు డబ్బు తీసుకున్నాను. ఇప్పుడు వద్దంటే వాళ్లు తిరిగిస్తారా? రసీదు ఇవ్వలేదు.