డెల్టా కాలువల మీద సోలార్ పలకలు పెట్టాలా, వద్దా?

రావులపాలెం వాసి:
గుజరాత్‌లో 2012లోనే చంద్రాసన్ దగ్గర నర్మదా బ్రాంచి కాలువ మీద పలకలు పరిచి 1 మెగావాట్ సోలార్ ప్లాంటు పెట్టారు. ధవళేశ్వరం నుంచి మనకు మూడు డెల్టాల కాలువలున్నాయి. సోలార్ కోసం పండే పొలం ఎవరూ ఇవ్వరు. కాబట్టి కాలువల మీదే పెట్టాలంటాను. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

తూర్పు డెల్టా రైతు:
పెద్ద కాలువల జోలికి వెళ్లొద్దండి. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి ఆనకట్ట పూర్తి చేశాడు. ఆ కాలువలు చేలకు నీళ్లివ్వడానికే కాదు, పడవలు నడవడానికి కూడా. రైలు కంటే నీటిదారి చవకని ఆయన గట్టిగా వాదించాడు. పడవల్ని ఒక మట్టం నుంచి ఇంకో మట్టానికి ఎక్కించి దించే ఆ లాకులన్నీ అందుకే కదా! మా తాతగారి రోజుల్లో ధాన్యం కాకినాడకు పడవలోనే వెళ్లేది. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గట్టు మీద నడుస్తూ తాడుతో లాగేవారు. చుక్క డీజిల్ అక్కర్లేదు. ఇప్పుడు స్తంభాలు పాతితే ఆ దారి ఇక తెరుచుకోదు.

రావులపాలెం వాసి:
ఆ దారి ఇప్పుడెక్కడుందండీ? లాకుల తలుపులు తుప్పు పట్టాయి, నీటి నిండా గుర్రపుడెక్క. పైగా లారీ కళ్లం దగ్గరికే వస్తోంది.

భీమవరం చెరువుల నుంచి:
మీరిద్దరూ పగటి మాటే మాట్లాడుతున్నారు. మా రొయ్యల చెరువుల టెన్షనంతా రాత్రిదండీ. చెరువులో నాచు పగలు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే పీల్చేసుకుంటుంది. తెల్లవారుజాముకి బాగా పడిపోతుంది. నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు తప్పనిసరిగా తిరగాల్సింది అప్పుడే. ఒకసారి ఆ వేళ కరెంటు పోయింది. జనరేటరు అందుకునేలోపే రొయ్య పైకి తేలిపోయింది. ఆ పంట మొత్తం పోయింది నాకు. బ్యాటరీ లేని సోలార్ నాకు సగం పరిష్కారమే.

కోనసీమ టీచర్:
నేను అడిగేది వేరు. ఆ కరెంటు ఎవరిది? దొర మీద నాకూ గౌరవం ఉంది, మా ఊళ్లోనూ ఆయన విగ్రహం ఉంది. కానీ శిస్తు పెరుగుతుందన్న లెక్క కుదిరాకే ఈస్టిండియా కంపెనీ డబ్బులిచ్చింది. గ్యాస్ విషయంలోనూ అంతే. 1995లో పాశర్లపూడి బావి రెండు నెలలకు పైగా మండింది. 2014లో నగరం అనే ఊళ్లో గ్యాస్ పైపులైను పేలి జనం చచ్చిపోయారు. గ్యాస్ బయటికి పోయింది, భయం మాకు మిగిలింది. కాలువ మీద పలకలూ బయటి కంపెనీ పేరునే ఉంటే మళ్లీ అదే కథ. 1997 చట్టంతో నీటి సంఘాలు వచ్చాయి. పలకల్లో వాటికి వాటా రాసివ్వండి, ఆ డబ్బుతో పూడిక తీయించుకుంటాం. అలాగైతే నేను మీ వైపే.

రావులపాలెం వాసి:
వాటా మాట నాకు తట్టలేదండీ, ఒప్పుకుంటున్నాను. పెద్ద కాలువలు వదిలేద్దాం, పిల్లకాలువలతో మొదలుపెడదాం. ఒక్కటే అనుమానం. ఎండాకాలం కాలువలు కట్టేశాక పూడిక తీయడానికి పొక్లెయిన్ దిగాలంటే స్తంభాల మధ్య ఎంత ఎడం వదలాలి? కాలువలు చూసుకునే మీ ఊరి లస్కర్లను అడిగి ఎవరైనా రాయండి.