ప్రాక్టీసు మానని లాయర్‌కి లా పీహెచ్‌డీ సీటు ఇవ్వొచ్చా?

నల్లకోటు (చర్చ మొదలుపెట్టినవారు)
జిల్లా కోర్టులో 14 ఏళ్ల ప్రాక్టీసు. ఎల్‌ఎల్‌ఎం (లా పీజీ)లో 61 శాతం. మొన్న ఒక యూనివర్సిటీలో పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ ఇంటర్వ్యూకి వెళ్లాను. నా టాపిక్: సివిల్ కోర్టుల్లో ఈపీలు (గెలిచిన డిక్రీని అమలు చేయమని వేసే పిటిషన్లు) ఎందుకు తెమలవు. బోర్డులో పెద్దాయన నా సినాప్సిస్ (పరిశోధన ప్రతిపాదన) తెరవకుండానే "ప్రాక్టీసు ఆపేస్తారా?" అన్నారు. ఆపనండీ, పార్ట్‌టైమ్‌కే కదా వచ్చాను అన్నాను. "అయితే ఎన్‌ఓసీ ఏదీ?"

యూజీసీ 2022 పీహెచ్‌డీ నిబంధనల్లో పార్ట్‌టైమ్ వాళ్లు ఉద్యోగం చేసే సంస్థ నుంచి నిరభ్యంతర పత్రం (ఎన్‌ఓసీ) తేవాలని ఉంది, నిజమే. నాకు సంస్థ ఎక్కడిదండీ? ఉన్నదల్లా ఒక గది, ఒక గుమస్తా. నా లెటర్‌హెడ్ మీద నేనే రాసిచ్చుకుంటానంటే నవ్వి పంపించేశారు. లిస్టులో పేరు లేదు. లాయర్లకి ఈ తలుపు మూసేయడం న్యాయమేనా? మొహమాటం లేకుండా చెప్పండి.

కోర్స్‌వర్క్ బాధితురాలు
మొహమాటం లేకుండానే చెప్తాను. మూసేయాలి.

ఒక ప్రొఫెసర్ దగ్గర ఒకేసారి ఎనిమిది మందికి మించి స్కాలర్లు ఉండకూడదు. అసోసియేట్‌కి ఆరుగురు, అసిస్టెంట్‌కి నలుగురు. నేను నెట్ పరీక్ష రాసి, గైడ్ దగ్గర ఖాళీ లేక ఏడాది కూర్చున్నాను. తర్వాత తెలిసింది, ఆ ఎనిమిదిలో ముగ్గురు పార్ట్‌టైమ్ అడ్వకేట్లని. సెమిస్టరుకోసారి ఆర్‌ఏసీ (స్కాలర్ల పని ఎంతవరకు వచ్చిందో చూసే కమిటీ) ఉన్నరోజు ప్రత్యక్షం. చేతిలో స్వీట్ బాక్సు, నోట్లో "మేడం, మీ ప్రెజెంటేషన్ స్లైడ్లు ఒకసారి పంపుతారా" అన్న మాట. వాళ్లకి కావాల్సింది బోర్డు మీద పేరు ముందు "డా." అనే అక్షరం, అంతే. మీరు అలాంటివారని అనట్లేదు అన్నగారూ, కానీ బోర్డులో కూర్చున్నవాళ్లు ఇలాంటి వాళ్లని చూసీ చూసీ విసిగిపోయి ఉంటారు.

బీఏఎల్‌ఎల్‌బీ ఐదేళ్లు
మధ్యలో దూరుతున్నా, సారీ. నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం ఉంటే పీజీ లేకుండానే పీహెచ్‌డీకి వెళ్లొచ్చని 2022 నిబంధనల్లో ఉంది కదా. మాది ఐదేళ్లు, పది సెమిస్టర్లు. మరి ఎల్‌ఎల్‌ఎం ఎందుకు?

పాత మాస్టారు
నాయనా, నిబంధన చదివి సంబరపడకు, నువ్వు అప్లై చేసే యూనివర్సిటీ నోటిఫికేషన్ చదువు. యూజీసీ చెప్పేది కనీస అర్హత. దానిపైన షరతులు యూనివర్సిటీ పెట్టుకుంటుంది. లాలో నేను చూసినవన్నీ ఎల్‌ఎల్‌ఎం 55 శాతం అడిగినవే (ఎస్సీ, ఎస్టీ, బీసీ నాన్‌క్రీమీలేయర్, దివ్యాంగులు, ఈడబ్ల్యూఎస్ వాళ్లకి 5 శాతం సడలింపు).

ఇక అసలు తగాదా. నేను ముప్పై ఏళ్లు లా చెప్పినవాణ్ణి, గైడ్‌గా చేసినవాణ్ణి. బాధితురాలు అమ్మాయి చెప్పిన స్వీట్ బాక్సు నా బల్లమీదకీ వచ్చింది, దాచడం దేనికి. కానీ కోపం తప్పుచోట చూపిస్తోంది. గైడ్‌గా ఉండాలంటే పర్మనెంటు ఫ్యాకల్టీ అయి ఉండాలి. రిటైర్మెంటుకి మూడేళ్లలోపు ఉన్నవాళ్లు కొత్త స్కాలర్లని తీసుకోకూడదు. మన లా డిపార్ట్‌మెంట్లలో పోస్టులు ఖాళీ అయితే భర్తీకి ఏళ్లు పడుతుంది, ఈలోగా పాఠాలు చెప్పేది కాంట్రాక్టు, గెస్టు వాళ్లు. పీహెచ్‌డీ ఉన్నా, పేపర్లు ఉన్నా వాళ్లకి గైడ్‌షిప్ లేదు. లాయర్లందరినీ తరిమేసినా మీ క్యూ పెద్దగా తరగదమ్మా.

కోర్స్‌వర్క్ బాధితురాలు
తరగకపోవచ్చు మాస్టారూ. కానీ ఉన్న ఎనిమిదిలో ఎవరు కూర్చోవాలన్న ప్రశ్న అలాగే ఉంది కదా. లైబ్రరీలో రోజూ కూర్చునే వాళ్లకా, ఆర్నెల్లకోసారి వచ్చే వాళ్లకా?

కాజ్‌లిస్టు
నేనూ లాయర్‌నే, అయినా నల్లకోటు గారితో విభేదిస్తా. సమయం సంగతి పక్కన పెట్టండి. మీ ఈపీ థీసిస్‌కి డేటా ఏది? మీ క్లయింట్ల ఫైళ్లా? క్లయింటు మనతో చెప్పుకున్నది బయటపెట్టే హక్కు మనకి లేదు. పాత ఎవిడెన్స్ యాక్టులో సెక్షన్ 126, ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియంలో 132. పైగా మీరు డిక్రీహోల్డర్ (కేసు గెలిచినవాడు) తరఫున వాదించిన కోర్టు గురించే "ఆలస్యం ఎందుకు" అని రాస్తే, తప్పంతా జేడీఆర్ (ఓడినవాడు) మీదకే పోతుంది. అది పరిశోధన అనిపించుకోదు, రిటెన్ ఆర్గ్యుమెంట్స్ అవుతుంది.

నల్లకోటు
మంచి దెబ్బే కొట్టారు. ఇంటర్వ్యూలో ఇది అడిగుంటే బాగుండేది, ఎన్‌ఓసీ కాకుండా.

క్లయింట్ల ఫైళ్లు ముట్టను. ఈకోర్ట్స్ వెబ్‌సైట్‌లో ప్రతి ఈపీకి వాయిదాల చరిత్ర ఉంటుంది: ఏ తేదీన ఏ కారణంతో వాయిదా పడిందో. కావాల్సినచోట సర్టిఫైడ్ కాపీ తీసుకుంటా. నేను వకాలత్ వేసిన కేసులు లెక్కలోంచి తీసేస్తా. కానీ ఆ చరిత్ర చదవాలంటే కోర్టు తెలియాలి సార్. "నోటీసు తిరిగి రాలేదు" అని రాసుంటే బయటివాడు పోస్టాఫీసుని తిట్టుకుంటాడు. బ్యాటా (నోటీసు పంపే ఖర్చు) కట్టలేదా, అమీనా (నోటీసు అందించే కోర్టు మనిషి) వెళ్లలేదా, వెళ్లి "తలుపు తాళం" అని రాసుకొచ్చాడా, నాకు తెలుసు. డిక్రీ అమలు గురించి చెప్పే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 21లో 106 రూల్స్ ఉన్నాయి. జప్తు చేసిన ఆస్తి నాదంటూ రూల్ 58 కింద ఒక క్లెయిమ్ పిటిషన్, అది పోయాక స్వాధీనం దగ్గర రూల్ 97 కింద ఇంకో అడ్డు, ఒక్కోదానికి మళ్లీ విచారణ. ఈపీ ఆరు నెలల్లో తేల్చాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. డిక్రీ చేతికొచ్చాకే కక్షిదారు కష్టాలు మొదలవుతాయని 1872లోనే ప్రివీ కౌన్సిల్ (అప్పట్లో లండన్‌లోని పై కోర్టు) అంది. ఈ రెంటి మధ్య ఏం మారిందో కోర్టులో నిలబడినవాడు రాస్తే తప్పేంటి?

కాజ్‌లిస్టు
సొంత కేసులు తీసేస్తానన్నారు కాబట్టి సగం ఒప్పుకుంటా. మిగతా సగం మీ మెథడాలజీ చాప్టర్ చూశాకే.

పాత మాస్టారు
ఎన్‌ఓసీ గురించి ఒక మాట. నిబంధన అడిగేది ఉద్యోగం ఇచ్చిన సంస్థ పత్రం. అడ్వకేట్ ఉద్యోగి కాడు, ఫుల్‌టైమ్ జీతం తీసుకుంటూ ప్రాక్టీసు చేయకూడదని బార్ కౌన్సిల్ రూలే ఉంది. లేని సంస్థ నుంచి పత్రం తెమ్మనడం అర్థంలేని పని. రిజిస్ట్రారుకి రాతపూర్వకంగా అడుగు, జవాబు కూడా రాతపూర్వకంగా తీసుకో. అయితే ఆ పత్రం అడగడం వెనక ఒక న్యాయమైన అనుమానం ఉంది: కోర్స్‌వర్క్‌కి (పీహెచ్‌డీలో కూర్చోవాల్సిన క్లాసులకి) వస్తాడా? కనీసం 12 క్రెడిట్లు. ఉదయం పదిన్నరకి కోర్టులో కాల్‌వర్క్ (ఆ రోజు కేసులు పిలవడం), అదే పదిన్నరకి రీసెర్చ్ మెథడాలజీ క్లాసు. ఏది వదులుతావు? నా దగ్గర చేరిన ఒక లాయర్ మొదటి సెమిస్టరంతా జూనియర్‌ని కోర్టుకి పంపి తను క్లాసుకొచ్చాడు. ఫీజులు బాగా పడిపోయాయట. థీసిస్ మాత్రం నిలబడింది. ఇంకో ఇద్దరు రెండేళ్లకే మాయమయ్యారు, వాళ్ల సీట్లు మాత్రం నా ఖాతాలోనే ఉండిపోయాయి. కాబట్టి అమ్మాయి బాధ ఉత్తదేం కాదు.

కోర్స్‌వర్క్ బాధితురాలు
అదే మాస్టారూ నేననేది! ఆర్‌ఏసీలో వరసగా రెండుసార్లు పని చూపించనివాడి రిజిస్ట్రేషన్ రద్దు చేస్తే నాకు ఏ లాయర్‌తోనూ పేచీ లేదు. రద్దుకి సిఫార్సు చేసే అధికారం ఆర్‌ఏసీకి ఉంది. చేసేవాళ్లే లేరు.

పాత మాస్టారు
చేయకపోవడం మా తప్పే. ఎదురుగా కూర్చున్నది బార్‌లో పేరున్న మనిషైతే సంతకం పెట్టేస్తాం.

నల్లకోటూ, ఈసారి ఇంటర్వ్యూకి ముందే ఒక పేజీ రాసి గైడ్‌ని కలువు. ఏ కోర్టు, ఏ ఏళ్ల ఈపీలు, ఎన్ని, మొదటి సెమిస్టరులో వారానికి ఏ రోజులు కోర్టుకి వెళ్లవో. ఆ చివరిది తేదీలతో సహా.

నల్లకోటు
సోమ, మంగళ అని రాసి మా గుమస్తాకి చూపించా సార్. "సోమవారం కొట్టేయండి, ఆ రోజు మనకి పదకొండు వాయిదాలు" అన్నాడు.