తులం బరువు బుల్లెట్టు దొరకడం లేదు: 300 మ్యాగ్నమ్‌కి మీరేం వాడతా ఉండారు?

చంద్రగిరి_కోట

అందరికీ నమస్కారం. సొంతూరు చంద్రగిరి, 14 ఏండ్లుగా ఉండేది కొలరాడోలో. గంగమ్మ జాతరకని వచ్చినా, ఇంకో పది రోజులు తిరుపతిలోనే ఉంటా. వెనక్కి పోతానే అక్టోబరు ఎల్క్ సీజనుకి తయారు కావాల. (తెలియనోళ్లకి: ఎల్క్ అంటే మన శేషాచలం కణుజుకి దగ్గరి జాతి, ఇంకా పెద్దది.)

నా రైఫిల్ 300 విన్చెస్టర్ మ్యాగ్నమ్ (పౌడరు ఎక్కువ పట్టే, వేగం ఎక్కువుండే రకం). రౌండ్లు ఇంట్లోనే రీలోడ్ చేసుకుంటా, అంటే కాల్చినాక మిగిలిన ఇత్తడి కేసులో కొత్త ప్రైమర్ (నిప్పు రాజేసే మూత), పౌడరు, బుల్లెట్టు పెట్టుకుంటా. తొమ్మిదేండ్లుగా ఒకటే బుల్లెట్టు, నోస్లర్ కంపెనీ పార్టిషన్, 180 గ్రెయిన్లు (బుల్లెట్టు తూకం కొలత). ఇప్పుడు డబ్బాలో మిగిలింది 11. మూడు నెలలుగా యాడ అడిగినా స్టాకు లేదనే మాటే.

ఏది మంచిది అనేది కాదు నా ప్రశ్న. ఇట్లే ఇరుక్కుని వేరేదానికి మారినోళ్లు ఉంటే, మీ తుపాకిలో ఏమయింది, జంతువు మీద ఏమయింది, అది చెప్పండి.

కొర్లగుంట_పెద్దాయన

నేను 18 ఏళ్లు మోంటానాలో ఉండి వచ్చినవాణ్ని. 2020-21 తూటాల కరువులో నీలాగే ఇరుక్కున్నాను తమ్ముడూ. అప్పుడు నేను చేసిన తప్పు ముందు చెప్తాను.

నా బుల్లెట్టు దొరక్కపోయేసరికి అదే 180 గ్రెయిన్ల బరువున్న ఇంకో కంపెనీది కొన్నాను. బరువు ఒకటే కదా అనుకున్నాను. అది పల్చటి రాగి తొడుగు, లోపల మెత్తటి సీసం. గురి కాగితం మీద బ్రహ్మాండంగా పడింది. సీజన్లో 60 గజాల్లో ఎల్క్ ఎదురైంది. భుజం మీద కొట్టాను. మ్యాగ్నమ్ నుంచి 180 గ్రెయిన్ల బుల్లెట్టు సెకనుకి 2,950 అడుగుల దాకా వేగంతో బయటికొస్తుంది. 60 గజాల్లో ఆ వేగం పెద్దగా తగ్గదు. ఎముక తగలగానే బుల్లెట్టు పైపైనే ముక్కలైంది. జంతువు లేచి అడవిలోకి పోయింది. చీకటి పడేదాకా నెత్తురు చుక్కలు వెతుక్కుంటూ తిరిగాను. దొరికింది మర్నాడు పొద్దున. మాంసం పాడైపోయింది. అంతకంటే, అది రాత్రంతా ఎంత బాధపడి ఉంటుందో అన్నది నన్ను ఇవాళ్టికీ వదల్లేదు.

పార్టిషన్ పుట్టిందే ఈ బాధలోంచి. 1946లో జాన్ నోస్లర్ బ్రిటిష్ కొలంబియాలో మూస్ వేటకి పోయాడు. ఆయన చేతిలో ఉన్నదీ మ్యాగ్నమే, 300 హెచ్ అండ్ హెచ్. బురద పట్టిన ఆ చర్మం మీద మామూలు బుల్లెట్లు లోతుకి దిగలేదు. ఇంటికొచ్చి బుల్లెట్టు మధ్యలో రాగి గోడ కట్టాడు. ముందు సగం పుట్టగొడుగులా విచ్చుకుంటుంది, గోడ వెనక సగం చెక్కుచెదరక లోపలికి పోతుంది. 1948 నుంచి అమ్మకాలు.

కాబట్టి నువ్వు వెతకాల్సింది ఆ గోడ చేసే పని చేసే ఇంకో బుల్లెట్టుని. స్విఫ్ట్ ఎ-ఫ్రేమ్‌లో అదే గోడ ఉంటుంది, పైగా ముందు సీసం తొడుక్కి అతికించి ఉంటుంది. గోడ లేకుండా అతుకు మీదే నిలబడేవి ఆక్యుబాండ్, షిరాకో. మొత్తం రాగే అయితే ఊడిపోయేదే లేదు. నేను మరుసటేడు ఆక్యుబాండ్‌కి మారాను. తర్వాత మూడు సీజన్లు ఒక్క జంతువూ నా చూపు దాటి పోలేదు.

గాంధీరోడ్డు_తూకం

తుపాకులు నాకు తెలియవు, తూకం తెలుసు. మాది మూడు తరాల నగల అంగడి. 180 గ్రెయిన్లు అనగానే ఆగిపోయినాను. అది సరిగ్గా ఒక తులం, 11.66 గ్రాములు. 1835 నాటి కంపెనీ వెండి రూపాయి బరువూ అదే. ఇప్పుడు చాలామంది 10 గ్రాములనే తులం అంటారు గానీ మా నాయన త్రాసులో తులం రాయి మీ బుల్లెట్టుతో సమానంగా తూగుతుంది.

ఒక్క మాట లోహం గురించి. సీసం సాంద్రత 11.3, రాగిది 9 కంటే కొంచెం తక్కువ. అదే తులం రాగిలో పోస్తే ముక్క పొడుగవుతుంది. అది మీ తుపాకికి ఇబ్బందా కాదా తెలిసినోళ్లు చెప్పాల.

పుత్తూరు_శాక్రమెంటో

తూకం అన్న పట్టుకున్నది అసలు విషయం! రాగికి మారినప్పుడు బరువు తగ్గించుకోవాల. 180 వాడేవాడు 165, 168కి దిగొచ్చు. రాగి బుల్లెట్టు బరువు పోగొట్టుకోదు కాబట్టి లోతుకి దిగడంలో లోటు రాదు.

మాకు వేరే దారి లేక మారినాం. కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి ఏ వేటకైనా సీసం లేని తూటాలే. జంతువు పేగుల్లో మిగిలిన సీసపు తునకలు తిని కాండర్ రాబందులు చచ్చిపోతా ఉండాయని ఆ చట్టం తెచ్చినారు. మన దేశంలో పశువుల మందు డైక్లోఫెనాక్‌ వల్ల రాబందులు పోయినాయి, 2006లో దాన్ని ఆపినారు. చిన్నప్పుడు మా ఊరి చెరువు కట్ట మీద గుంపులుగా వాలేవి, ఇప్పుడు ఒకటి కనపడితే ఫోటో తీసి పెట్టుకుంటాం. అందుకే ఆ చట్టం నాకు భారంగా అనిపించలేదు.

నా అనుభవం: బార్న్స్ కంపెనీ రాగి బుల్లెట్టు టీటీఎస్ఎక్స్, 168 గ్రెయిన్లది. మొదటి రోజు 100 గజాల్లో మూడు దెబ్బలూ రెండున్నర అంగుళాల దూరం దూరంగా పడినాయి. ఏడుపొచ్చింది. తర్వాత రెండు పనులు చేసినా. బారెల్లో పాత బుల్లెట్ల తొడుగు పూత మొత్తం పోయేదాకా కడిగినా. బుల్లెట్టుని కేసులోకి ఇంకొంచెం దించి, బారెల్ లోపల మెలి తిరిగిన గాళ్లకి అంగుళంలో ఇరవయ్యో వంతు ఖాళీ వదిలినా. అంగుళంపావుకి వచ్చింది.

ఒక లోటుంది, దాచను. రాగి విచ్చుకోవాలంటే వేగం కావాల. సెకనుకి 2,000 అడుగుల లోపుకి పడిపోయినాక సన్నగా దూరిపోయే ప్రమాదం ఉంది. అందుకే 350 గజాలు దాటితే నేను ట్రిగ్గరు ముట్టుకోను. ఇంట్లో పిల్లలు ఆ మాంసం తింటారు, అందులో సీసం లేదనే నిశ్చింత మాత్రం నాకు చాలా పెద్దది.

చంద్రగిరి_కోట

అన్నా, పౌడరు పాత కొలతే ఉంచొచ్చునా?

చిత్తూరు_సుబేదారు

వద్దు. ఎట్టి పరిస్థితుల్లో వద్దు. బుల్లెట్టు మారితే ఆ రౌండు కొత్తదే, బరువు ఒకటైనా సరే. రాగి గట్టిది, పొడుగుది, బారెల్ గాళ్లలో దూరేటప్పుడు ఒత్తిడి వేరేగా లేస్తుంది. ఆ బుల్లెట్టు చేసినవాళ్ల పట్టికలో అన్నిటికంటే తక్కువ కొలత దగ్గర మొదలుపెట్టి కొంచెం కొంచెంగా పైకి రా. బోల్టు ఎత్తడం బిగుతైనా, ప్రైమర్ చదునుగా నలిగినా అక్కడే ఆగు. 26 ఏళ్ల సర్వీసులో ఆయుధం మీద తొందరపడినవాళ్ల చేతులు చూసినాను.

ఇంకొకటి. చవగ్గా దొరుకుతున్నాయని మిలిటరీ రకం పూర్తి తొడుగు బుల్లెట్లు కొనొద్దు, అవి విచ్చుకోవు. యుద్ధంలో విచ్చుకునే బుల్లెట్లు వాడకూడదని 1899 హేగ్ ప్రకటన. ఆ విచ్చుకునే బుల్లెట్లకి దమ్‌దమ్ అనే పేరొచ్చింది కలకత్తా పక్కన మన దమ్‌దమ్ కార్ఖానా వల్లనే. వేటలో నియమం దీనికి తిరగబడి ఉంటుంది. మీ కొలరాడోలో ఎల్క్‌కి విచ్చుకునే బుల్లెట్టే ఉండాలి, 85 గ్రెయిన్లకి తగ్గకూడదు. జంతువు వెంటనే పడిపోవాలనే.

పీలేరు_శెనగచేను

మా చేన్లో పందులు రాత్రికి అరెకరా శెనక్కాయ తవ్వి పోతా ఉండాయి. నాయన పేరు మీద పన్నెండు బోరు లైసెన్సు ఉంది. పందికి ఏ తూటా పనికొస్తుందన్నా?

కొర్లగుంట_పెద్దాయన

నాయనా, నీ కష్టం నాకు తెలుసు, మాదీ సేద్యం ఇల్లే. కానీ ఇక్కడ తూటా పేరు చెప్పను. పైన మాట్లాడిందంతా అక్కడ పర్మిట్ తీసుకుని చేసే వేట. మన దగ్గర 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం వేట నిషేధం. పంట కోసం లైసెన్సు ఇచ్చినా అది జంతువుని చంపడానికి అనుమతి కాదు. సెక్షన్ 11 కింద అటవీ అధికారి రాతపూర్వకంగా ఇస్తే తప్ప ట్రిగ్గరు మీద వేలు పెట్టొద్దు. పాడైన చేను ఫోటోలు తీసి, పాసుబుక్కు జిరాక్సుతో రేంజి ఆఫీసులో నష్టపరిహారానికి అర్జీ ఇయ్యి, రసీదు తీసుకో. కావాలంటే నేను తోడొస్తా.

కాళహస్తి_కుర్రోడు

డెన్వర్‌లో హెచ్1బి మీద ఉండా. ఫ్రెండు రైఫిల్‌తో ఈసారి నేను కూడా పోవచ్చా?

చంద్రగిరి_కోట

తమ్ముడూ, తొందరపడొద్దు. అమెరికా ఫెడరల్ చట్టంలో నీ వీసా మీద ఉండేవాళ్లకి తుపాకి పట్టుకోవడమే నేరం. అమలులో ఉన్న వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. కాబట్టి ముందు హంటర్ ఎడ్యుకేషన్ తరగతి, తర్వాత లైసెన్సు, ఆ తర్వాతే రైఫిల్, ఫ్రెండుదైనా సరే. నేను గ్రీన్ కార్డు వచ్చేదాకా ఆగినా. వీసా విషయం కాబట్టి లాయరుకి ఒక గంట ఫీజు కట్టి అడుగు.

కొర్లగుంట_పెద్దాయన

కోటా, వెళ్లేలోపు నీ బ్యాగులన్నీ తిరగేసి చూడు. వేటకి వాడిన బ్యాగు ప్రయాణానికి వాడొద్దు. ఒకసారి పక్క జేబులో మరిచిపోయిన ఒకే ఒక్క రౌండు ఎయిర్‌పోర్టు స్కానర్లో కనపడి నాకు ఒక రోజంతా పోయింది. ఇక్కడ ఆయుధాల చట్టం 1959 కింద కేసు. రేణిగుంటలో అయినా అంతే.

చంద్రగిరి_కోట (నవంబరు)

చివరికి ఏమయిందో చెప్తా ఉండా. ఆక్యుబాండ్ 180 ఒక డబ్బా, టీటీఎస్ఎక్స్ 168 రెండు డబ్బాలు దొరికినాయి. నా బారెల్‌కి ఆక్యుబాండ్ నచ్చలేదు, ఎంత మార్చినా రెండంగుళాలు. రాగి మాత్రం నాలుగో వారానికి అంగుళానికి వచ్చింది. పౌడరు సుబేదారు సార్ చెప్పినట్టు అడుగు నుంచే మొదలుపెట్టినా, పాత కొలత దాకా పోకముందే బోల్టు బిగిసింది. ఆ రోజు ఆయన మాట లేకుంటే పాత కొలతే పోసేవాణ్ని.

ఈ ఏడు రెండో విడత సీజన్లో, 210 గజాల్లో, ఆడ ఎల్క్. ముందర భుజం విరిచి, అవతలి పక్క చర్మం కింద ఆగింది బుల్లెట్టు. ముప్పై అడుగులు నడిచి పడిపోయింది. మిగిలిన ఆ 11 పార్టిషన్లు అట్లే ఉండాయి.

గాంధీరోడ్డు అన్నా, బుల్లెట్టు కడిగి తూచినా. 168లో 166 గ్రెయిన్లు మిగిలింది. నాలుగు రేకులు, తామర మొగ్గ విచ్చుకున్నట్టు. మీ చేతిలో పెట్టాలని ఉంది గానీ పెద్దాయన మాట దాటి సూట్‌కేసులో వేసుకోను. త్రాసు మీద పెట్టి ఫోటో తీసినా, పంపిస్తా.