ఫ్లెక్సీ మీద ప్లేస్‌మెంట్ల లెక్క చూసి పిల్లల్ని కాలేజీలో చేర్చవచ్చా?

కందుకూరు అన్న:

మా చెల్లెలికి ఈఏపీసెట్‌లో ర్యాంకు వచ్చింది, వెబ్ ఆప్షన్లు పెట్టాలి. బస్టాండు నుంచి పామూరు రోడ్డు దాకా ఎటు చూసినా కాలేజీల ఫ్లెక్సీలే. పైన నలుగురైదుగురు పిల్లల ఫొటోలు, పక్కన లక్షల్లో జీతాలు. ఒక కాలేజీ వాళ్లు ఇంటికే వచ్చి ఈ ఏడాది వెయ్యికి పైగా ప్లేస్‌మెంట్లు అన్నారు. ఫైనలియర్‌లో పిల్లలు ఎంతమంది అని అడిగితే అంతకంటే తక్కువ చెప్పారు. అదెట్లా అంటే, ఒక్కొక్కరికి రెండు మూడు ఆఫర్లు వచ్చాయండీ అన్నారు.

ఒకే అబ్బాయికి మూడు ఆఫర్లు వస్తే వాడు చేరేది ఒకదాంట్లోనే. మిగతా రెండూ కూడా లెక్కలో కలిపారంటే, ఉద్యోగం రాని ఇద్దరు పిల్లలు ఆ లెక్క వెనక కనపడకుండా పోయారు. ఆ ఇద్దరిలో మా చెల్లెలు ఉండకూడదనే నా బాధ.

నేననేది ఏమిటంటే, ఎన్ని ఆఫర్లు అని అడగటం మానేయాలి. నాలుగేళ్ల కింద ఫస్టియర్‌లో ఎంతమంది చేరారు, వాళ్లలో సరిగ్గా నాలుగేళ్లకు పాసైన వాళ్లు ఎంతమంది, ఏడాది తర్వాత నిజంగా పనిలో ఉన్నవాళ్లు ఎంతమంది, వాళ్లలో మధ్యస్థంగా ఉన్నవాడి జీతం ఎంత అని అడగాలి. ఇవి చెప్పని కాలేజీని ఆప్షన్లలోనే పెట్టకూడదు. మా నాన్న ఒప్పుకోవడం లేదు. ఆడపిల్ల, దగ్గరలో ఉండాలి, హాస్టల్ బాగుండాలి, ఉద్యోగం దాని తెలివిని బట్టి వస్తుంది అంటాడు. మీరేమంటారు?

ఒంగోలు నుంచి, ప్లేస్‌మెంట్ సెల్‌లో పనిచేసినవాడిని:

కాలేజీ పేరు చెప్పను కానీ ఈ లెక్కలు ఎక్కడ ఉబ్బుతాయో చెప్పగలను.

మొదటిది శాతం కట్టేటప్పుడు కింద వేసే సంఖ్య, అంటే మొత్తం ఎంతమందిలో అన్నది. క్యాంపస్‌కు వచ్చే కంపెనీలు చాలావరకు టెన్త్ నుంచి 60 శాతం ఉండాలి, బ్యాక్‌లాగ్‌లు, అంటే తప్పి మిగిలిన సబ్జెక్టులు, ఉండకూడదు అని షరతు పెడతాయి. ఆ షరతుకు నిలిచినవాళ్లకే అర్హులని పేరు పెట్టి, వాళ్ల మీద శాతం కడతారు. 95 శాతం ప్లేస్‌మెంట్ అంటే క్లాసులో 95 శాతం కాదు, ఆ అర్హుల్లో 95 శాతం. బ్యాక్‌లాగ్‌లు మిగిలిపోయినవాడు, మధ్యలో డిటెయిన్ అయి పై ఏడాదికి వెళ్లలేకపోయినవాడు, మానేసి వెళ్లిపోయినవాడు ఈ కాగితంలో ఎక్కడా ఉండరు. వాళ్లూ నాలుగేళ్ల కింద ఫీజు కట్టి చేరిన పిల్లలే.

రెండోది ఆఫర్‌కూ జాయినింగ్‌కూ మధ్య ఉన్న దూరం. 2023-24 ఆర్థిక సంవత్సరంలో టీసీఎస్, ఇన్ఫోసిస్, విప్రో మూడింటిలో కలిపి 63 వేల మందికి పైగా ఉద్యోగులు తగ్గారు. ఆ సమయంలో ఆఫర్ లెటర్ చేతిలో పెట్టుకుని, జాయినింగ్ మెయిల్ కోసం నెలల తరబడి ఎదురుచూసిన పిల్లల ఫోన్లు నేను ఎత్తాను. ఇంట్లో అప్పటికే స్వీట్లు పంచేశారు. కాలేజీ లెక్కలో మాత్రం ఆఫర్ వచ్చిన రోజునే వాళ్లు ఉద్యోగస్తులు. ఆ తర్వాత ఎవరూ ఆ పేరు పక్కన టిక్కు తీసెయ్యరు.

మూడోది సగటు జీతం. తొమ్మిదిమందికి 3 లక్షలు, ఒక్కడికి 43 లక్షలు వచ్చాయనుకోండి. సగటు 7 లక్షలు. పదిమందిలో తొమ్మిదిమంది ఆ 7 లక్షల ముఖం కూడా చూడలేదు. అందుకే అన్న చెప్పినట్టు అందరినీ జీతం వరుసలో నిలబెట్టి మధ్యవాడి జీతం అడగాలి. పెద్ద ఐటీ కంపెనీలు ఫ్రెషర్‌కు ఇచ్చే మామూలు జీతం ఏడాదికి మూడు లక్షల పైచిలుకు దగ్గరే పదేళ్లకు పైగా ఆగిపోయిందని కూడా తల్లిదండ్రులకు తెలియాలి.

ఇంకొకటి, బ్రాంచి సంగతి. ఒక్కో బ్రాంచిలో ఇన్నే సీట్లు అనే పరిమితిని, ఇంజినీరింగ్ కాలేజీలకు అనుమతులిచ్చే ఏఐసీటీఈ 2024-25 నుంచి ఎత్తేసింది. దాంతో కంప్యూటర్ సైన్స్, ఏఐ, డేటా సైన్స్ సెక్షన్లు పెరిగిపోయాయి. పాత బ్యాచ్‌లో తక్కువమంది ఉన్నప్పుడు వచ్చిన శాతాన్ని ఈ పెద్ద బ్యాచ్‌కు చూపించి సీట్లు నింపుతున్నారు. మీ చెల్లెలు బయటికొచ్చేటప్పుడు ఆమెతో పాటు క్యూలో నిలబడేది ఎంతమందో ఇప్పటి ఇన్‌టేక్, అంటే సీట్ల సంఖ్య, చూస్తేనే తెలుస్తుంది.

కావలి లెక్చరర్:

ఒంగోలు మిత్రుడు చెప్పినవన్నీ ఒప్పుకుంటాను. కానీ కందుకూరు అన్న పెట్టిన కొలతతో నాకు పేచీ ఉంది. నేను చెప్పేది డిగ్రీ కాలేజీల గురించి.

నా క్లాసులో చాలామంది వాళ్ల ఇంట్లో డిగ్రీ గడప తొక్కిన మొదటివాళ్లు. కొందరు పొద్దున చెరువుల దగ్గర మేత వేసి వస్తారు, కొందరు రాత్రి షాపుల్లో పనిచేస్తారు. ఫస్టియర్‌లో చేరినవాళ్లలో ఏడాది తర్వాత ఎంతమందికి ఉద్యోగం అనే ఒక్క లెక్కతో మమ్మల్ని తూచితే, కాలేజీలు చేసే మొదటి పని బలహీనంగా ఉన్న పిల్లవాడిని చేర్చుకోకపోవడం. ప్రైవేటు కాలేజీ ఎలాగోలా తప్పించుకుంటుంది. నష్టపోయేది ఆ పిల్లవాడు.

ఇంకా అడుగుతాను. మా దగ్గర డిగ్రీ చేసి, తర్వాత బీఈడీ చేసిన పిల్లల్ని ఏ గడిలో వేస్తారు? 2018లో 7,902 పోస్టులకు డీఎస్సీ వచ్చింది. ఆ తర్వాత పరీక్ష జరిగి ఉద్యోగాలు ఇచ్చింది 2025లో, 16,347 పోస్టులకు. మధ్యలో 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చి తర్వాత రద్దు చేశారు. కానిస్టేబుల్ పోస్టులు చూడండి. 2022 నవంబరులో నోటిఫికేషన్, తుది ఫలితాలు 2025 ఆగస్టులో. ఆ మధ్యకాలంలో లెక్క తీసి ఉంటే మా పిల్లలంతా నిరుద్యోగులు. ఈ రోజు తీస్తే అందులో కొందరు ప్రభుత్వ టీచర్లు, కొందరు పోలీసులు. కాలేజీ చెప్పిన చదువు అదే కదా, మారిందేమిటి?

కందుకూరు అన్న:

సార్, మీరన్నది న్యాయమే, కానీ దానికి మందు లెక్క మానేయడం కాదు, ఇంకో గడి పెట్టడం. పనిలో ఉన్నవాళ్లు, పై చదువుల్లో ఉన్నవాళ్లు, పోటీ పరీక్షలకు కూర్చున్నవాళ్లు, ఎక్కడున్నారో తెలియనివాళ్లు. ఆ ఆఖరి గడి పెద్దగా ఉన్న కాలేజీ అంటే నాకు భయం. పిల్ల బయటికి వెళ్లాక ఒక్క ఫోన్ కూడా చేయలేదనే కదా దాని అర్థం.

అట్లాగే, డీఎస్సీ కోసం అవనిగడ్డలోనో, బ్యాంకుల కోసం నంద్యాలలోనో రూము తీసుకుని ఏళ్లకేళ్లు కూర్చునే పిల్లల ఖర్చు ఎవరు పెడుతున్నారు? అమ్మానాన్నలే. డిగ్రీలో చేరే రోజున మూడేళ్ల చదువు అనుకుంటారు. అసలు ఖర్చు ఏడెనిమిదేళ్లదని ముందే తెలిస్తే కొందరు వేరే దారి ఎంచుకునేవాళ్లేమో. ఆ సమాచారం దాచే హక్కు ఎవరికీ లేదు.

నాయుడుపేట అమ్మాయి:

నన్ను మా కాలేజీ ప్లేస్డ్ అని రాసుకుంది కాబట్టి చెప్తున్నాను. బీఎస్సీ అయ్యాక శ్రీసిటీ వైపు ఒక ఫ్యాక్టరీలో తీసుకున్నారు. చేరాక తెలిసింది, అది ఉద్యోగం కాదు, స్టైపెండ్ తీసుకుంటూ పని నేర్చుకునే అప్రెంటిస్‌షిప్ అని. 2019 నాటి నిబంధనల ప్రకారం డిగ్రీవాళ్లకు కనీస స్టైపెండ్ నెలకు 9,000. నాకు ఇచ్చింది దానికంటే కొంచెం ఎక్కువ. ఏడాది అయ్యాక ఉంచుకోవాలని కంపెనీ మీద బలవంతమేమీ లేదు. నన్ను ఉంచుకోలేదు.

ఆ ఏడాది వృథా అయిందని అనను. షిఫ్టులు, క్వాలిటీ చెకింగ్, పై అధికారికి సమాధానం చెప్పడం అన్నీ అక్కడే నేర్చుకున్నాను. ఇప్పుడు చేస్తున్న ఉద్యోగం దాన్ని చూపిస్తేనే వచ్చింది. కానీ అప్రెంటిస్‌ను ఉద్యోగంలో కలిపి రాయడం మోసం. నా తర్వాతి బ్యాచ్ పిల్లలు నా ఫొటో చూసి చేరారు. కాలేజీ వాళ్లు ఏడాది తర్వాత ఫోన్ చేసి ఎక్కడున్నావమ్మా అని అడిగి ఉంటే నిజం చెప్పేదాన్ని. ఎవరూ అడగలేదు.

డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు కదా, దాన్ని గురించీ అడగండి. ఎక్కడికి పంపుతారు, సర్టిఫికెట్ కోసమేనా, నిజంగా పని నేర్పుతారా అని. నాకు తెలిసినవాళ్లలో కొందరు ఒక్కరోజు కూడా వెళ్లకుండా సంతకం పెట్టించుకున్నారు. వాళ్లు ఇంటర్వ్యూల్లో ఎంత ఇబ్బంది పడ్డారో దగ్గరుండి చూశాను.

మార్కాపురం:

ఉద్యోగాలే లేని చోట కాలేజీల మెడ పట్టుకుంటే ఏమొస్తుంది అబ్బయా? దొనకొండలో పారిశ్రామిక హబ్ అన్నారు, కనిగిరి వైపు నిమ్జ్ అనే పెద్ద పారిశ్రామిక మండలం అన్నారు. వింటూ వింటూ మా పిల్లలకు పెళ్లిళ్లయి పిల్లలు పుట్టారు. చదివినవాడు హైదరాబాదుకో బెంగళూరుకో పోవాల్సిందే. ముందు ఇక్కడ ఫ్యాక్టరీ అడగండి.

ఒంగోలు నుంచి, ప్లేస్‌మెంట్ సెల్‌లో పనిచేసినవాడిని:

ఫ్యాక్టరీ అడగాల్సిందే. కానీ ఈ వారం ఆప్షన్లు పెట్టే పిల్లకు ఫ్యాక్టరీ వచ్చేదాకా ఆగే వీల్లేదు. పక్కపక్కనే ఉన్న రెండు కాలేజీల్లో ఒకే రకం పిల్లలు చేరి, ఒకచోట ఎక్కువమంది నాలుగేళ్లకే పాసై బయటికొస్తున్నారంటే ఆ తేడా కాలేజీదే. దాన్ని జిల్లా వెనకబాటు మీద నెట్టేయలేం.

ముత్తుకూరు ఆక్వా:

మా రంగం ఏ ఫ్లెక్సీ మీదా ఉండదు, అందుకని రాస్తున్నా. వనామి రొయ్య వచ్చాక మన తీరంలో హేచరీలు, వాటర్ టెస్టింగ్ ల్యాబులు, ఫీడ్ కంపెనీలు, ప్రాసెసింగ్ ప్లాంట్లు చదువుకున్న పిల్లలకు చాలా పని ఇచ్చాయి. మైక్రోబయాలజీ చదివినవాడు, చేపల పెంపకం డిగ్రీ బీఎఫ్ఎస్సీ చేసినవాడు, మామూలు జువాలజీ డిగ్రీవాడు కూడా ఇందులో నిలదొక్కుకున్నారు. ఇక్కడ క్యాంపస్ డ్రైవ్ అనేది తక్కువ. సీనియర్ ఫోన్ చేస్తాడు, వెళ్లి చేరతారు. కాలేజీకి తెలియదు కాబట్టి లెక్కలోకి రాదు.

అయితే ఇది నిలకడ లేని రంగం. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి పెరిగినప్పుడు కొనుగోళ్లు పడిపోయి, కొత్తవాళ్లను తీసుకోవడం తగ్గించారు. ఆ ఒక్క ఏడాది లెక్క చూసి కోర్సు పనికిరాదనుకుంటే తప్పు. అంతకుముందు రొయ్య ధర బాగున్న ఏడాది చూసి ఎగబడినా తప్పే. కనీసం మూడు బ్యాచ్‌ల లెక్క అడగండి.

ఉదయగిరి అమ్మ:

కందుకూరు అబ్బాయి నాన్న మాట ఎవరూ పట్టించుకోలేదు. మా అమ్మాయి బీటెక్ చేసింది. ఆఫర్ వచ్చింది, చెన్నైలో. హాస్టల్, రాత్రి షిఫ్టు అనేసరికి మా ఇంట్లో వద్దన్నారు. నేను గట్టిగా పట్టుబట్టి పంపాను, ఇప్పుడు తన జీతం మీద తను నిలబడింది. తన స్నేహితురాళ్లలో చాలామంది ఆఫర్ లెటర్ బీరువాలో పెట్టి పెళ్లి చేసుకున్నారు. వాళ్లు కూడా ప్లేస్‌మెంట్ లెక్కలో ఉన్నారు. బాబూ, మీ చెల్లెలి విషయంలో ఆడపిల్లలు ఎంతమంది చేరారు, ఎంతమంది ఇప్పటికీ పనిచేస్తున్నారు అని విడిగా అడుగు. హాస్టల్ సంగతి మీ నాన్న అడుగుతున్నాడంటే ఆయన పంపడానికి సిద్ధంగా ఉన్నాడనే. ఉద్యోగం వచ్చాక దూరం పంపుతారా అన్నది ఇప్పుడే ఇంట్లో తేల్చుకోండి.

కావలి లెక్చరర్:

అమ్మ చెప్పింది వందకు వంద నిజం. అయినా నా అభ్యంతరం అలాగే ఉంది. అడగండి, లెక్క తీయించండి. దాన్ని చేరేటప్పుడు పిల్లవాడికి ఉన్న మార్కులతో కలిపి చదవండి. 90 శాతం మార్కుల వాళ్లను చేర్చుకుని వందలో 80 మందికి ఉద్యోగం ఇప్పించిన కాలేజీ కంటే, అత్తెసరు మార్కుల వాళ్లను చేర్చుకుని వందలో 40 మందిని నిలబెట్టిన కాలేజీ నాకు గొప్పది.

కందుకూరు అన్న:

సార్, గొప్పదే. కానీ మా చెల్లెలు ఆ 40లో ఉంటుందా, మిగతా 60లో ఉంటుందా అని నేను అడగాలి కదా. ఆ 60 మందికి ఏం చేశారో చెప్పే కాలేజీ అయితే కళ్లు మూసుకుని చేరుస్తాను.

ఈ లెక్కలు నిజంగా ఎక్కడ దొరుకుతాయో ఎవరైనా చెప్పండి. ఫోన్ చేస్తే ఆఫీసుకు రండి అంటున్నారు.

ఒంగోలు నుంచి, ప్లేస్‌మెంట్ సెల్‌లో పనిచేసినవాడిని:

కాలేజీ, కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకింగ్‌కు దరఖాస్తు చేసి ఉంటే, వాళ్ల వెబ్‌సైట్‌లోనే ఎన్ఐఆర్ఎఫ్ పేరుతో ఒక పీడీఎఫ్ ఉంటుంది. అందులో మీరడిగిన పట్టికే ఉంది. ఫస్టియర్‌లో చేరినవాళ్లు, నిర్ణీత కాలంలో పాసైనవాళ్లు, ప్లేస్ అయినవాళ్లు, వాళ్ల మధ్యస్థ జీతం, పై చదువులకు వెళ్లినవాళ్లు, వరుసగా మూడు బ్యాచ్‌లకు. ఫ్లెక్సీ మీద సంఖ్యనూ ఆ పట్టికలో సంఖ్యనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఎన్ఐఆర్ఎఫ్‌కు వెళ్లని చిన్న కాలేజీ అయితే, కాలేజీలకు గ్రేడు ఇచ్చే న్యాక్ రిపోర్టులో ఐదో విభాగం చూడండి, ఐదేళ్ల ప్లేస్‌మెంట్లు, పై చదువులు ఉంటాయి. ఏఐసీటీఈ కింద ఉన్న కాలేజీలు తమ వివరాలు బయటపెట్టే మాండేటరీ డిస్‌క్లోజర్ అని ఒకటి సైట్‌లో పెట్టాలి, అదీ చూడండి.

ఇవి కూడా కాలేజీ ఇచ్చిన లెక్కలే. కాబట్టి అక్కడితో ఆగకుండా, రెండేళ్ల కింద పాసైన పిల్లల్ని మీరే వెతికి పట్టుకోండి. ఫ్లెక్సీ మీద ఫొటో ఉన్నవాళ్లను కాదు, అదే బ్యాచ్‌లో ఫొటో లేనివాళ్లను.

కందుకూరు అన్న:

రెండు కాలేజీల పీడీఎఫ్‌లు దొరికాయి. ఇంటికి వచ్చిన కాలేజీ సైట్‌లో లేదు, దాన్ని ఆప్షన్లలో కిందికి దింపుతున్నాం. నాన్న పక్కనే కూర్చుని చూశాడు, హాస్టల్ బాగున్న కాలేజీలో నాలుగేళ్లకు పాసైనవాళ్లు ఎక్కువ ఉన్నారని ఆయనే చూపించాడు. నెల్లూరు, ఒంగోలు చుట్టుపక్కల కాలేజీల్లో రెండేళ్ల కింద సీఎస్ఈ, ఈసీఈ పూర్తిచేసిన అమ్మాయిలు ఇక్కడ ఉంటే కింద రాయండి. మా చెల్లెలే మాట్లాడుతుంది. శనివారం లోపు ఆప్షన్లు ఫ్రీజ్ చేయాలి.