క్వార్ట్జ్ స్లాబులు కోసేవారికి ఎన్95 మాస్కు సరిపోతుందా?

ప్రశ్న: హైదరాబాద్‌లో వంటగది ప్లాట్‌ఫాంలు వేయిస్తుంటాను. నా దగ్గర ఆరుగురు పనిచేస్తారు. ఒకప్పుడు అంతా గ్రానైటే. ఇప్పుడు అడిగినవారందరూ తెల్ల క్వార్ట్జే అంటున్నారు. సింకు రంధ్రం ఫ్లాట్‌లోనే గ్రైండర్‌తో కోస్తాం. అందరికీ ఎన్95 కొనిచ్చాను. అయినా సాయంత్రానికి ముక్కులో తెల్లటి పొడి కనిపిస్తోంది. మాస్కులు నకిలీవా? ఒకతనికి రెండు నెలలుగా పొడిదగ్గు కూడా ఉంది.

జవాబు (భద్రతాధికారిగా పనిచేసి విరమించినవారు): నకిలీయో కాదో తర్వాత చూద్దాం. ముందు, వాడిన మాస్కును తిప్పి లోపలి వైపు చూడండి. ముక్కు పక్కన గానీ గడ్డం కింద గానీ దుమ్ము చార కనిపిస్తే గాలి వడపోత గుండా రావడం లేదు, ఆ సందులోంచి వస్తోందని అర్థం. మావాళ్లలో చాలామంది కింది పట్టీని మెడ ముందు వేలాడదీసేవారు. పై పట్టీ నడినెత్తి వెనుకకు, కింది పట్టీ చెవుల కింద మెడ వెనుకకు రావాలి. ముక్కు మీది రేకును రెండు చేతుల వేళ్లతో నొక్కాలి. తర్వాత మాస్కును అరచేతులతో మూసి గట్టిగా ఊదమనండి. కళ్లకు గాలి తగిలితే సరిగ్గా అమరలేదన్నట్లే. ఇది పెట్టుకున్న ప్రతిసారీ చేయవలసిందే. ఒక్కరోజు పెరిగిన గడ్డం కూడా సందు ఇస్తుంది.

ఇక అసలు సంగతి. గ్రానైట్‌లో సిలికా (పొడిగా పీలిస్తే ఊపిరితిత్తులను పాడుచేసే రాతి ఖనిజం) సాధారణంగా 45 శాతం లోపే. మీ తెల్ల స్లాబు రాతిపొడిని రెసిన్ అనే జిగురుతో అతికించి చేసింది, అందులో 90 శాతానికి పైగా ఉండవచ్చు. ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి ఈ రకాన్ని నిషేధించింది. బాగా అమరిన ఎన్95 లోపలికి వెళ్లే దుమ్మును పదో వంతుకు తగ్గిస్తుందని లెక్క. అమెరికాలో ఎనిమిది గంటల పనికి గాలిలో సిలికా దుమ్ము పరిమితి ఘనపు మీటరుకు 50 మైక్రోగ్రాములు. పొడిగా కోసేటప్పుడు లేచే దుమ్ములో పదో వంతు కూడా ఆ పరిమితిని దాటిపోవచ్చు. కాబట్టి ముందు దుమ్ము లేవకుండా కోతకు నీళ్లు, ఆ తర్వాతే మాస్కు.

ప్రశ్న: ఫ్లాట్‌లో నీళ్లు పోస్తే ఇంటివారు ఊరుకోరండీ. పైగా కరెంటు గ్రైండర్, షాకు కొడుతుందని భయం.

జవాబు (పదకొండేళ్లుగా రాతి పని చేస్తున్నవారు): భయం నిజమే. మామూలు గ్రైండర్ మీద సీసాతో నీళ్లు పోయకండి. బ్లేడు మీదికి నీళ్లు వచ్చేలా తయారైన యంత్రం తీసుకుని, లైనుకు లీకేజి బ్రేకరు (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేది) పెట్టించండి. మేమయితే అట్టముక్కతో సింకు కొలత తీసుకుని, షెడ్డులోనే నీటితో కోసి తెస్తాం. ఫ్లాట్‌లో మిగిలేది అతికించడమే. రవాణాలో జాగ్రత్త కావాలి, సింకు మూల దగ్గర స్లాబు విరుగుతుంది. ఒక్క స్లాబు పోయినా పర్వాలేదనుకున్నాను. పని అయ్యాక పొడి చీపురు పట్టవద్దు, తడిగుడ్డ వాడండి. కంప్రెసర్ గాలితో బట్టలు దులుపుకునే అలవాటు ఉంటే మాన్పించండి.

ప్రశ్న: ఇద్దరు అయ్యప్ప మాల వేశారు. గడ్డం తీయమనలేను కదా?

జవాబు (విరమించిన అధికారి): అనకండి. దీక్ష 41 రోజులూ వారికి కొలతలు, అతికింపు, లోడింగ్ అప్పగించండి. కోసేచోటికి రానివ్వకండి. తలంతా కప్పే, మోటారుతో గాలి పంపే హుడ్ ఉంటే గడ్డం ఉన్నా పనిచేస్తుంది, కానీ ఖరీదు ఎక్కువ. ఎన్95లను ఉతికి వాడకండి, ఉతికితే దుమ్మును పట్టే గుణం తగ్గిపోతుంది. కొనేటప్పుడు పెట్టె మీద ఐఎస్ 9473 (దుమ్ము మాస్కులకు భారతీయ ప్రమాణం) గుర్తు చూడండి. జిగురు, థిన్నర్ వాసనకు ఇవేవీ పనికిరావు, దానికి వాసనను పట్టే కార్బన్ కార్ట్రిడ్జి ఉన్న మాస్కు వేరే ఉంటుంది.

దగ్గుతున్న అతనికి వెంటనే ఛాతీ ఎక్స్‌రే తీయించండి. రాళ్లు కోసే పని అని డాక్టరుకు చెప్పమనండి. చెప్పకపోతే సిలికోసిస్‌ను (సిలికా దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు) టీబీగా పొరబడే ప్రమాదం ఉంది. సిలికోసిస్ ఉన్నవారికి టీబీ కూడా సులువుగా వస్తుంది.

ప్రశ్న వేసినవారు: ఈ రోజు ఆరు మాస్కులూ తిప్పి చూశాను. నాలుగింటిలో ముక్కు పక్కన తెల్ల చార. ఒకదానికి కింది పట్టీ కత్తిరించేసి ఉంది, చెమటకు ఒరుసుకుంటోందట. సోమవారం ఎక్స్‌రేకు నేనే వెంట వెళ్తున్నాను.