ఆస్ట్రేలియాలో అబోరిజినల్ రోగుల కోసం కల్చరల్ సేఫ్టీ శిక్షణ: ఆరోగ్య సిబ్బంది అందరికీ తప్పనిసరి చేయడం సరైనదేనా?

మెల్‌బోర్న్_ఫిజియో:

ఈ వేదికలో ఆస్ట్రేలియాలో పనిచేస్తున్న తెలుగు వైద్యులు, నర్సులు, ఫార్మసిస్టులు, వృద్ధుల సంరక్షణలో ఉన్నవారు చాలామంది ఉన్నారు కనుక ఈ ప్రశ్నను ఇక్కడే చర్చకు పెడుతున్నాను. 2022లో ఆరోగ్య వృత్తుల జాతీయ చట్టానికి చేసిన సవరణతో, ఈ దేశపు మూలవాసులైన అబోరిజినల్, టోరెస్ జలసంధి ద్వీపవాసుల సాంస్కృతిక భద్రత (కల్చరల్ సేఫ్టీ, అంటే రోగి తన సంస్కృతి కారణంగా చిన్నచూపుకు గురికాకుండా సేవ పొందగలగడం) ఆరోగ్య సిబ్బంది రిజిస్ట్రేషన్ వ్యవస్థ మార్గదర్శక సూత్రాలలో ఒకటిగా చేరింది. 2023 జనవరి నుంచి వైద్యులు ఏటా పూర్తిచేయవలసిన నిరంతర విద్యలోనూ దానికి చోటు ఉండి తీరాలి.

ఉద్దేశంతో నాకు పేచీ లేదు, అమలుతోనే ఉంది. నేను పనిచేసిన క్లినిక్కులలో ఈ శిక్షణ అంటే గంటసేపు కంప్యూటర్ ముందు కూర్చుని, స్లైడ్లను ఒకటొకటిగా దాటించి, చివర కొన్ని ప్రశ్నలకు జవాబులు గుర్తించి సర్టిఫికెట్ తీసుకోవడమే. భోజన విరామంలో ఒక చేత్తో అన్నం తింటూ దాన్ని ముగించినవారిని చూశాను. తప్పనిసరి చేసిన కొద్దీ అది తంతుగా మారుతుందని, ఇష్టపడి వచ్చేవారికి లోతుగా నేర్పడమే మేలని నా వాదన. సర్టిఫికెట్ చేతికి వచ్చినవారిలో ఇక తెలుసుకోవలసినదేమీ లేదన్న ధీమా పెరగడం నాకు మరింత ఆందోళన కలిగిస్తోంది.

డార్విన్_నర్సు:

మీరు చెప్పిన తంతు నిజమే, నేనూ చూశాను. అయితే ఇష్టపడి వచ్చేవారికే నేర్పితే, ఎవరికి అత్యవసరమో వారే రారు. నయోమీ విలియమ్స్ కేసును ఒకసారి గుర్తు చేసుకోండి. న్యూ సౌత్ వేల్స్‌లోని ట్యూమట్‌కు చెందిన ఈ 27 ఏళ్ళ విరాజురీ (ఒక అబోరిజినల్ జాతి) మహిళ ఆరు నెలల గర్భంతో 2016 జనవరి 1న సెప్సిస్‌తో (ఇన్ఫెక్షన్ ఒళ్ళంతా విషమించడంతో) మరణించారు. అంతకు ముందు నెలలలో ఆమె నొప్పితో, వాంతులతో పదే పదే ఆసుపత్రికి వెళ్ళినా, మద్యం, మాదకద్రవ్యాల సలహా సేవలకు పంపారే గాని నిపుణుడికి చూపించలేదు. చివరిసారి వెళ్ళినప్పుడు పారాసెటమాల్ ఇచ్చి కొద్దిసేపటికే ఇంటికి పంపారు. ఆమెకు అందిన వైద్యంలో స్పష్టమైన లోపాలు కొనసాగుతూ వచ్చాయని 2019లో కరోనర్ (అనుమానాస్పద మరణాలను విచారించే న్యాయాధికారి) తేల్చారు. అబోరిజినల్ రోగుల విషయంలో వైద్య సిబ్బందికే తెలియకుండా పనిచేసే పక్షపాతం గురించి ఆ విచారణలో విస్తృతంగా చర్చ జరిగింది. అటువంటి పక్షపాతం ఉన్నవారు తమకు అది ఉందని అనుకోరు, కాబట్టి తమంతట తాముగా శిక్షణకు పేరు ఇవ్వరు.

నేను పనిచేసిన ఒక వార్డులో జరిగినది చెబుతాను. ఉత్తర తీరంలోని ఒక మారుమూల గ్రామం నుంచి వచ్చిన పెద్దావిడ రెండు రోజులు గోడవైపు తిరిగి పడుకున్నారు, అన్నం ముట్టలేదు. ఏది అడిగినా "ఊఁ" అన్నారు. నొప్పి ఉందా అంటే ఊఁ, లేదా అన్నా ఊఁ. ఆమె సహకరించడం లేదని మేము కేస్ షీటులో రాశాము. మూడో రోజు ఆమె భాష తెలిసిన దుబాసీ వచ్చాకే అసలు సంగతి తెలిసింది. ఎదురు మంచం మీద ఉన్నది ఆమెకు వరసకు అల్లుడు. వారి కట్టుబాటు ప్రకారం అత్త, అల్లుడు ఒకరి ముఖం ఒకరు చూడకూడదు, ఒకే చోట కూర్చోకూడదు. మంచం మార్చిన సాయంత్రమే ఆమె భోజనం చేశారు, మరునాడు తన నొప్పి గురించి తానే వివరంగా చెప్పారు. ఎదుటివారిని నొప్పించకుండా ఉండేందుకు, లేదా ప్రశ్న అర్థం కాక, "ఊఁ" అనే అలవాటు ఉంటుందని మాలో ఎవరికీ ముందుగా చెప్పి ఉండలేదు. ఆ "ఊఁ" మీద ఆధారపడి మేము ఎన్ని సమ్మతి పత్రాల మీద సంతకాలు తీసుకున్నామో తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

పెర్త్_వైద్యుడు:

నేను గుంటూరులో చదివి ఇక్కడికి వచ్చినవాడిని. ఈ దేశంలో వందేళ్ళ క్రితమో యాభై ఏళ్ళ క్రితమో జరిగిన అన్యాయంలో నాకు గాని, నా కుటుంబానికి గాని పాలు లేదు. రంగు కారణంగా రోగుల నుంచి నేను కూడా మాటలు పడ్డాను. అటువంటి నన్ను కూర్చోబెట్టి వలస పాలన పాపాల గురించి పాఠం చెప్పడం న్యాయంగా తోచదు. 2018లో నర్సుల ప్రవర్తనా నియమావళి మారినప్పుడు, తమ తెల్ల చర్మపు ఆధిక్యాన్ని నర్సులు రోగి ముందు ఒప్పుకోవాలన్న ప్రచారం జరిగింది. అటువంటి నిబంధనే లేదని నర్సింగ్ బోర్డు ఖండించిందని నాకు తెలుసు. అయినా ఆ ప్రచారం అంతగా పాకిందంటే ఇటువంటి శిక్షణ మనుషులలో ఎంత ముల్లులా గుచ్చుకుంటుందో అర్థం చేసుకోవాలి. మర్యాదగా, ఓపికగా, అందరినీ సమానంగా చూస్తే చాలదా?

డార్విన్_నర్సు:

పెర్త్_వైద్యుడు గారూ, మీరు పడిన మాటలు చిన్నవని నేను అనను. కానీ రోగి మంచం పక్కన నిలబడినప్పుడు మనం ఏ దేశం నుంచి వచ్చామన్నది ఆమెకు ముఖ్యం కాదు. ఆమెను ఉంచాలా, పంపాలా, నమ్మాలా అన్నది మన చేతిలో ఉంది. 1997లో వెలువడిన జాతీయ విచారణ నివేదిక ప్రకారం, 1910 నుంచి 1970 వరకు అబోరిజినల్ పిల్లలలో పదిమందిలో ఒకరి నుంచి ముగ్గురిలో ఒకరి వరకు ప్రభుత్వ అధికారంతో తల్లిదండ్రుల నుంచి వేరుచేయబడ్డారు. అంటే ఈ రోజు అరవై, డెబ్బై ఏళ్ళ వయసులో మన వార్డులకు వస్తున్నవారిలో స్వయంగా ఆ పిల్లలు ఉన్నారు. యూనిఫాం వేసుకున్న మనిషి ఇంటి పరిస్థితుల గురించి ప్రశ్నలు అడిగితే వారు ఎందుకు మౌనం వహిస్తారో తెలియకపోతే, మనం ఆ మౌనాన్ని మొండితనంగా రాసుకుంటాము. ఈ చరిత్ర మనకు చెప్పేది మనల్ని దోషులుగా నిలబెట్టడానికి కాదు, మన ఎదుట ఉన్న రోగిని సరిగ్గా చూడడానికి.

సమానంగా చూడడం గురించి మరొక మాట. 2020–22 లెక్కల ప్రకారం అబోరిజినల్, టోరెస్ జలసంధి ద్వీపవాసుల ఆయుర్దాయం ఇతరుల కంటే పురుషులలో 8.8 ఏళ్ళు, స్త్రీలలో 8.1 ఏళ్ళు తక్కువ. ఇంతటి తేడా ఉన్నచోట అందరికీ ఒకే తీరున ఇచ్చే సేవ ఆ తేడాను అలాగే వదిలేస్తుంది.

పాడేరు_నుంచి_బ్రిస్బేన్:

ఇక్కడికి రాకముందు నేను పాడేరు ఏజెన్సీలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేశాను. రెండు చోట్లా నాకు కనిపించినది ఒకటే: బయటి వైద్యుడికి ఎన్ని పాఠాలు చెప్పినా, గర్భిణి మాట వినేది తన ఊరి ఆశా కార్యకర్తదే. అందుకే ఈ చర్చలో మీరందరూ శిక్షణ చుట్టూనే తిరుగుతున్నారని నాకు అనిపిస్తోంది. సిడ్నీలోని రెడ్‌ఫర్న్‌లో 1971లో అబోరిజినల్ ప్రజలు తమ వైద్య కేంద్రాన్ని తామే ప్రారంభించుకున్నారు. తమ సమాజమే నడుపుకునే అటువంటి కేంద్రాలు ఇప్పుడు దేశమంతటా నూటికి పైగా ఉన్నాయి.

మరొక ఉదాహరణ మనసును కదిలిస్తుంది. పశ్చిమ ఎడారిలోని కింటోర్ అనే మారుమూల ఊరి ప్రజలకు మూత్రపిండాలు దెబ్బతింటే డయాలిసిస్ కోసం దాదాపు 500 కిలోమీటర్ల దూరంలోని ఆలిస్ స్ప్రింగ్స్‌కు వెళ్ళి, బంధువులకూ భూమికీ దూరంగా అక్కడే చివరిదాకా ఉండిపోవలసి వచ్చేది. 2000లో అక్కడి పింటుపీ జాతి చిత్రకారులు తాము వేసిన బొమ్మలను సిడ్నీలో వేలం వేయించి పది లక్షల డాలర్లకు పైగా కూడబెట్టారు. ఆ సొమ్ముతో మొదలైన సంస్థ 2004లో కింటోర్‌లోనే డయాలిసిస్ ప్రారంభించింది. బయటివారికి మర్యాద నేర్పడానికి పెట్టే డబ్బులో సగం ఇటువంటి సంస్థలకు, అబోరిజినల్ నర్సుల చదువుకు వెళితే ఎక్కువ ఫలితం ఉంటుందని నా దృఢాభిప్రాయం.

డార్విన్_నర్సు:

డబ్బు విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. కానీ గుండెపోటు వచ్చినప్పుడు, కాన్పు కష్టమైనప్పుడు ఆ కేంద్రం నుంచి కూడా రోగిని మన పెద్దాసుపత్రికే పంపుతారు. అక్కడ ఉండేది మనమే. పైగా ఆ సమాజం నుంచి వచ్చిన ఒకరిద్దరు ఉద్యోగుల మీదనే మొత్తం భారం మోపితే వారు అలసిపోయి మానేస్తారు. అటువంటివారిని నేను చూశాను.

కల్చరల్ సేఫ్టీ అన్న ఆలోచన పుట్టిన న్యూజిలాండ్‌లో, అక్కడి మూలవాసులైన మావోరీలలో ఒకరైన నర్సు ఇరిహపేటి రామ్స్‌డెన్ పట్టుబట్టినది ఒక్క విషయం మీద: సేవ సురక్షితమా కాదా అన్నది పొందినవారే తేల్చాలి. 1992లో అక్కడి నర్సింగ్ కౌన్సిల్ దీన్ని చదువులో భాగం చేసింది. తల పవిత్రమని మావోరీలు భావిస్తారు కనుక, తల కింద పెట్టే దిండును కాళ్ళ కింద పెట్టకూడదు. కాన్పు తరువాత మావిని కుటుంబానికి అప్పగిస్తే వారు తమ భూమిలో పాతిపెట్టుకుంటారు. ఇటువంటివి నేర్చుకోవడం అవసరమే, కానీ రామ్స్‌డెన్ అడిగినది అంతకంటే కష్టమైనది. నర్సు ముందు తన అధికారాన్ని, తన అలవాట్లను పరిశీలించుకోవాలి. ఆస్ట్రేలియాలో ఆరోగ్య వృత్తుల నియంత్రణ సంస్థ ఇచ్చిన నిర్వచనం కూడా అదే దారిలో ఉంది. కాబట్టి మెల్‌బోర్న్_ఫిజియో గారు తప్పుపట్టిన గంట స్లైడ్లు ఆ నిర్వచనానికే విరుద్ధం. తప్పనిసరి అన్న మాటను తీసేయడం కంటే, ఏది తప్పనిసరో మార్చమని అడుగుదాం: ఆ ప్రాంతపు పెద్దలు ఎదురుగా కూర్చుని చెప్పే పాఠం, దుబాసీతో కలిసి పనిచేసే అభ్యాసం, కొన్ని నెలల తరువాత అదే వార్డులో మళ్ళీ పరిశీలన.

మెల్‌బోర్న్_ఫిజియో:

ఎవరికి అవసరమో వారే రారన్న మీ వాదనకు నా దగ్గర జవాబు లేదు. కనుక ప్రతి ఆసుపత్రీ తన సిబ్బంది అందరికీ ఇది నేర్పి తీరాలన్న మాట ఒప్పుకుంటున్నాను. వ్యక్తిగత రిజిస్ట్రేషన్‌కు ముడిపెట్టడం మీద మాత్రం నా అభ్యంతరం అలాగే ఉంది, ఎందుకంటే అలా చేసినప్పుడల్లా సంస్థలు తమ బాధ్యతను ఉద్యోగి సర్టిఫికెట్ మీదకు నెట్టేస్తున్నాయి. ఇక నాకు ఒక సందేహం మిగిలింది. రోగులే తేల్చాలి అంటున్నారు. కానీ ఆ పట్టణంలో ఉన్నది ఒకే ఆసుపత్రి అయినప్పుడు, రేపు మళ్ళీ అక్కడికే రావలసిన మనిషి ఈ రోజు నిజం ఎలా చెబుతారు?

డార్విన్_నర్సు:

ఫారం ఇచ్చి అడిగితే చెప్పరు. ఇంటికి వెళ్ళాక, వారి భాషలో, ఆసుపత్రి జీతం తీసుకోని మనిషి అడిగితే చెబుతారు. అది వీలుకాని చోట కూడా ఒక లెక్క అందుబాటులో ఉంది: వైద్యం పూర్తికాకముందే ఎంతమంది అబోరిజినల్ రోగులు ఆసుపత్రి వదిలి వెళ్ళిపోతున్నారు అన్నది. దుబాసీలు వైద్య బృందంతో కలిసి తిరిగిన చోట అలా వెళ్ళిపోయేవారు తగ్గారని మా ప్రాంతంలోని అధ్యయనాలు చూపాయి. ఎంతమంది సర్టిఫికెట్లు పొందారో చెప్పే పట్టిక పక్కనే వార్డుల వారీగా ఈ లెక్కను కూడా ప్రతి మూడు నెలలకు బయటపెట్టమని మా యూనియన్ తరఫున అడుగుతున్నాము. మీ వైపు కూడా అడగండి.